మంగళ, గురు, శని

ఆ వేసవిలో మా సందులోకి బండి రాకుండా చేసింది నేనే. తప్పు పంచుకోవడానికి ఇంకా కొందరున్నారు. వాళ్ళ సంగతీ చెబుతాను, ఎవర్నీ వదలను. కాని వరసలో మొదట నిలబడాల్సింది నేను.

మాది పాత ఊరు. చుట్టూ కోటగోడ, నాలుగు ద్వారాలు, నడుమ ఒక్కటే పెద్ద వీధి. మిగతావన్నీ సందులు. గుర్రం మీద వచ్చేవాడూ నడిచి పోయేవాడూ ఒకర్నొకరు తప్పుకుంటే చాలుననుకున్న కాలంలో వేసినవి. మా సందు పెద్ద వీధిలో మొదలై, గుండ్రాళ్ళు పరిచిన ఎత్తు ఎక్కి, మూడు మలుపులు తిరిగి, మా ఇల్లు దాటాక కోటగోడకు తగిలి ఆగిపోతుంది. మా గుమ్మం దగ్గర వెడల్పు ఏడడుగులు. ఇటు గుమ్మంలోంచి నేనూ అటు కిటికీలోంచి ఎదురింటి దర్జీ చెయ్యి చాస్తే అగ్గిపెట్టె చేతులు మారుతుంది.

నా భార్యకు మూత్రపిండాలు పనిచెయ్యడం మానేసి అప్పటికి రెండేళ్ళు. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఏడింటికల్లా ఆస్పత్రిలో డయాలసిస్ మంచం మీద ఉండాలి. మిషను నాలుగు గంటలపాటు ఆమె రక్తం లాగి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపేది. మీసాల ఆటో అతను ఆరున్నరకు వచ్చేవాడు. పైన తిప్పుకునే చోటు లేదు కాబట్టి ఎత్తంతా వెనక్కి నడుపుకుంటూ ఎక్కేవాడు. వేరే ఆటోవాళ్ళు మా సందు పేరు చెబితేనే దండం పెట్టేవాళ్ళు. రెండో మలుపులో బండి పక్క గోడకు గీసుకునేది.

"అమ్మా, మీ గోడకు ఉచితంగా రంగు వేసిపెడుతున్నా, గుర్తుపెట్టుకోండి," అనేవాడు.

"రెండో పూత ఎప్పుడు వేస్తావు?" అనేది ఆమె.

గుమ్మంలోంచి నాలుగడుగులు వేసి ఆటోలో కూర్చునేది. ఆమె ఓపిక ఆ నాలుగడుగులే.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు ధాన్యం మార్కెట్లో కాటా దగ్గర నిలబడ్డాను. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. తూకానికి ఆ చదువు సరిపోయింది. బస్తా పట్టి ఎత్తితే కిలో తేడా చేతికి తెలిసేది. అందరూ నన్ను కాటాయన అనేవాళ్ళు. లారీలు కోట ద్వారాల్లో ఇరుక్కుంటున్నాయని మార్కెట్టుని ఊరి బయటికి తీసుకుపోయారు. అక్కడ లారీతో సహా తూచే మిషను ఉంది. నన్ను ఇంటికి పంపేశారు.

ఆ విద్య ఇంట్లో పనికొచ్చింది. నా భార్యకు తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు, ఒంట్లోనే నిలిచిపోయేవి. మిషను ఎక్కించే ముందు తూచి, ఎంత నీరు తియ్యాలో చూసేవాళ్ళు. ఆమె అసలు బరువు నలభై ఆరు కిలోలు. ఆస్పత్రి కాటా కంటే ముందు నేను చెప్పేవాణ్ణి. చంకల కింద చేతులు పెట్టి లేపగానే తెలిసేది. "రెండుంపావు ఎక్కువ," అనేవాణ్ణి. నర్సు ముల్లు చూసి, "రెండుంపావే!" అనేది.

"చూశావా తల్లీ," అనేది నా భార్య నర్సుతో. "పెళ్ళాన్ని బస్తా చేసేశాడు. ఇంకా నయం, సూది గుచ్చి గింజలు బయటికి తీసి చూడలేదు."

ఎండలు ముదిరే రోజుల్లో రోడ్ల సర్వే మొదలైంది. పాత ఊళ్ళో బండ్లు కదలడం లేదు, బస్సు ఒక ద్వారంలో దూరి ఇంకో ద్వారంలోంచి బయటపడడానికి ముప్పావుగంట పడుతోంది, దీనికేదో ఒకటి చెయ్యాలన్నారు. అన్నది నిజమే. సెలవులకు మూసేసిన బడిలో ఒక గదిలో బల్ల వేసుకుని ఇంజనీరమ్మ కూర్చుంది. ముప్పై దాటి ఉండవు. గోడనిండా మా ఊరి పటం. సందు సందుకూ ఒక మనిషి కావాలి, పొద్దుట ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఏ బండ్లు వచ్చాయో గీతలు గియ్యాలి, మూడు వారాల పని అని చెప్పింది.

"మీ ఇంటి సందే కావాలంటున్నారేం?" అంది.

"ఇంటిదగ్గర పనుంది."

"సొంత సందైతే జనం ఎక్కువ రాసేస్తున్నారండీ. రాత్రికి రాత్రే ప్రతివాడి సందూ జాతీయ రహదారి అయిపోతోంది."

"నేను ఇరవై ఎనిమిదేళ్ళు కాటా దగ్గర ఉన్నానమ్మా. గింజ ఎక్కువా రాయలేదు, గింజ తక్కువా రాయలేదు."

ఆ మాట ఆమెకు నచ్చింది. "వారంలో మూడు రోజులు చాలు. ఏ రోజులైనా ఒకటే. మీకెప్పుడు వీలు?"

"మంగళ, గురు, శని."

రాసుకుంది. ఆ రోజులే ఎందుకని ఆమె అడగలేదు. పెళ్ళాం జబ్బు చెప్పుకుని పని అడుక్కోవడం నాకు నామోషీ, నేనూ చెప్పలేదు. ఇద్దరం అక్కడే అందరి కొంపా ముంచాం.

అట్టకు కాయితం బిగించి, సందు మొదట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాయితం మీద గడులు: సైకిలు, స్కూటరు, ఆటో, కారు, సరుకు బండి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఐదోది. నడిచేవాళ్ళకు గడి లేదు. సైకిళ్ళు, స్కూటర్లు వచ్చాయి. ఆటో గడి ఖాళీగా ఉండేది. సాయంత్రం దాంట్లో సున్నా చుట్టి సంతకం పెట్టేవాణ్ణి.

రెండో మంగళవారం దర్జీ మెడలో టేపుతో దిగొచ్చాడు. చేతిలో రెండు టీలు.

"అన్నా, ఆటో గడిలో ఓ నాలుగు పడెయ్."

"ఎందుకు?"

"బేకరీ సందులో ఆ సన్నాసి రోజుకు పదిహేను వేస్తున్నాడు. అందులో దూరితే మేక కూడా వెనక్కి తిరగలేదు. మరి పదిహేను ఆటోలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? ఏమీ లేని సందులకి అడ్డం పెట్టేస్తారట అన్నా. నాకు ఆటోలో గుడ్డ తాన్లు వస్తుంటాయి."

"తాను వచ్చినరోజు గీత పడుతుంది."

"నీ సొమ్మేం పోయింది? పెన్సిలు అరిగిపోతుందా?"

"అరిగిపోయేది పెన్సిలు కాదు. ఆ టీ నువ్వే తాగు."

వాడు రెండు గ్లాసులూ అక్కడే నిలబడి తాగి పోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే నా భార్య నవ్వింది. తరవాత గోడకు జారగిలబడి అడిగింది.

"మన ఆటో రాశావా?"

"మన ఆటో నిన్న వచ్చింది. ఇవాళ్టి కాయితంలో నిన్నటిది ఎట్లా రాస్తాను?"

"అదీ నిజమే," అంది.

నా మాటకు అడ్డం చెప్పడం ఆమెకు ఎప్పుడూ తెలీదు. తెలిసుంటే బాగుండేది.

మూడు వారాలూ అయ్యాయి. తొమ్మిది కాయితాలు, తొమ్మిది సున్నాలు. ఇంజనీరమ్మ వాటిని తిప్పి చూసి, "ఊరు మొత్తం మీద నమ్మదగ్గ లెక్క మీదొక్కటే," అంది. ఇంటికొచ్చేదాకా నా ఛాతీ దిగలేదు.

నెల తిరక్కుండా ఒక మంగళవారం పొద్దున నలుగురు మనుషులు గునపాలతో వచ్చి సందు మొదట్లో మూడు గుంటలు తవ్వారు. మోకాలు దాటే ఎత్తున మూడు ఇనుప గుంజలు పాతి సిమెంటు పోశారు. మధ్య గుంజకు మాత్రం కింద తాళం ఉంది.

"ఇదేంటయ్యా?"

"ఇక నడకసందు. బండ్లు రావు."

"ఎవరు చెప్పారు?"

"కాయితం చెప్పింది."

మర్నాడు బుధవారం. మీసాల అతను గుంజల అవతల హారన్ కొడుతూ నిలబడ్డాడు. నేను కిందికి పరిగెత్తాను. అతను దిగి మధ్య గుంజను కాలితో తన్ని చూశాడు, అది కదలలేదు.

"పెద్దయ్యా, ఇప్పుడెట్లా?"

మా గుమ్మం నుంచి గుంజల దాకా మూడు వందల పన్నెండు అడుగులు. ఆరోజు ఆమెను వీపున వేసుకుని దిగాను. గుండ్రాళ్ళ మీద నా కాలు జారితే ఇద్దరం గోడకు కొట్టుకున్నాం. ఆమె చేతికి, సూదులు గుచ్చే చోట, పెద్ద నెత్తుటి కదుము కట్టింది. నర్సు అది చూసి నన్ను తిట్టింది. మిషను ఎక్కడం గంట ఆలస్యం, ఆ గంట తగ్గించే దించేశారు. వెనక ఇంకో రోగి కాచుకుని ఉన్నాడు.

ఆమెను ఇంటికి చేర్చి, అటునుంచి అటే బడి గదికి పోయాను. ఇంజనీరమ్మ నన్ను చూసి కుర్చీ జరిపింది. సంగతి చెప్పాను. ఆమె మా సందు కాయితాలు తీసి బల్లమీద పరిచింది. తొమ్మిది సున్నాలు, వాటి కింద నా సంతకాలు.

"ఆటో గడిలో ఒక్క గీత ఉన్నా పొద్దున తొమ్మిది దాకా తెరిచి ఉంచేవాళ్ళమండీ. పద్ధతి అదే. ఒక్క గీత చాలు."

"వారానికి మూడుసార్లు వచ్చింది."

"మరెందుకు రాయలేదు?"

"ఆ రోజుల్లో నేను ఆస్పత్రిలో ఉన్నాను."

ఆమె పటం వంక చూసింది. కాయితాల మీది తేదీలు చూసింది. అర్థమైంది. మొహం పాలిపోయింది. ఆమెకు బాధ కలగలేదని అనను. కాని బాధ కలిగినంత మాత్రాన నేను క్షమించాలని ఎక్కడా లేదు.

"ముందే చెప్పి ఉంటే..."

"ముందే అడిగి ఉంటే."

ఇంకో సర్వే వానలయ్యాక ఉందని, అప్పుడు మార్పించగలనని అంది. అప్పటిదాకా మధ్య గుంజ తీయించుకోవడానికి వార్డు ఆఫీసుకి ఉత్తరం రాసిచ్చింది. వార్డు గుమాస్తా ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. తాళంచెవి అతని వెనక మేకుకే వేలాడుతోంది.

"ఆఫీసు పదింటికి తెరుస్తాం, పది తరవాత రండి. ఎన్నిసార్లయినా తీస్తాను."

"ఏడింటికి ఆమె మంచం మీద ఉండాలి."

"దానికి రూలు లేదు. అంబులెన్సు, ఫైరింజను, శవాల బండి. వీటికైతే ఏ టైములోనైనా తియ్యొచ్చు. అత్యవసరం."

"డయాలసిస్ అత్యవసరం కాదా?"

"వారానికి మూడుసార్లు ఉండేది అత్యవసరం ఎట్లా అవుతుందండీ?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆస్పత్రిలో మధ్యాహ్నం వరసకు మార్చమని నర్సుని బతిమాలాను. "అందులో ఖాళీ రావాలంటే ఎవరో ఒకరు..." అని ఆగిపోయి పుస్తకం తిరగేసింది. ఆస్పత్రి దగ్గర అద్దెకు గది అడిగితే రోగమని తలుపులు వేసుకున్నారు. స్కూటరు వెనక కూర్చోబెట్టి చూశాం. మొదటి మలుపులోనే పక్కకు ఒరిగిపోయింది. చక్రాల కుర్చీ తెచ్చాను. గుండ్రాళ్ళ మీద అది ఎగిరినప్పుడల్లా ఆమె పళ్ళు బిగబట్టేది. ఎముకలు అప్పటికే గుల్లబారి ఉన్నాయి. మూడోసారి ముందు చక్రం విరిగింది.

చివరికి కుర్చీకి అటూ ఇటూ రెండు కర్రలు కట్టాను. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. మొదటి రోజు సందులో మగాళ్ళంతా వచ్చారు. మొయ్యడానికి ఆరుగురు, "జాగ్రత్త జాగ్రత్త" అనడానికి పదిమంది. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

"పెళ్ళిలో కూడా ఇంత ఊరేగింపు చెయ్యలేదు మీ అన్న," అంది నా భార్య దర్జీతో.

"వదినా, బ్యాండుకు కూడా చెప్పొస్తా, శుక్రవారానికి సిద్ధంగా ఉండు," అన్నాడు వాడు. అందరూ నవ్వారు.

శుక్రవారానికి నలుగురు. ఆ తరవాతి బుధవారానికి ముగ్గురు. ఒకడికి నడుం, ఒకడికి పొద్దుటి షిఫ్టు. ఇంకొకడు మేం దిగే వేళకు తలుపు వేసుకుని లోపల రేడియో పెద్దది చేసేవాడు. ఆ తలుపులన్నీ నాకు గుర్తున్నాయి.

బావమరిది సెలవు పెట్టి వచ్చాడు. మంచి బలం ఉన్నవాడు. పది రోజులు ముందు వైపు తనొక్కడే ఎత్తాడు. మెడకింద చర్మం కమిలిపోయింది. పదకొండో రోజు పెట్టె సర్దుకుంటూ నావైపు చూడకుండా అన్నాడు.

"బావా, ఇంకా ఉంటే ఉద్యోగం ఊడుతుంది. అక్కను మా ఇంటికి తీసుకుపోదామంటే మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

"పో."

"కోపం తెచ్చుకోకు."

"పొమ్మన్నాగా. బస్సు ఇప్పుడు తొందరగా దొరుకుతుంది. ఊళ్ళోంచి పన్నెండు నిమిషాల్లో బయటపడతావు."

ఆ మాటా నిజమే. సందుల్లోంచి బండ్లు వెనక్కి వచ్చి అడ్డుపడకపోవడంతో పెద్ద వీధి నీళ్ళు వదిలిన కాలవలా పారుతోంది. పేపర్లో ఇంజనీరమ్మ ఫోటో వేశారు.

ఆ సాయంత్రమే గునపం తీసుకుని కిందికి పోయాను. అందరూ చూస్తుండగానే మధ్య గుంజ మొదట్లో పొడిచాను. అరగంట పొడిస్తే సిమెంటు పెచ్చు అరచేతంత లేచింది. గుంజ అట్లాగే ఉంది. వార్డు మనుషులు వచ్చి గునపం లాక్కున్నారు. ముసలాడివని వదిలేస్తున్నాం, ఇంకోసారైతే స్టేషనే అన్నారు. మర్నాడు ఆ పెచ్చు పూడ్చేశారు.

ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. అరచేతుల్లో బొబ్బలు చూసి తడిగుడ్డ చుట్టింది.

"గుంజ ఏమంది?" అంది.

నాకు నవ్వు రాలేదు.

తరవాతి శుక్రవారం పొద్దున ఆరున్నరకు దర్జీ ఒక్కడే వచ్చాడు. వాడి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముందు రాత్రంతా ఏదో పెళ్ళి బట్టలు కుట్టాడట. వెనక నేను పట్టుకోవాలి, ముందు వాడు. కింద మీసాల అతను హారన్ కొట్టాడు. ఆటోను వీధిలో నిలపనివ్వరని అతను పైకి రాలేడు. ఒకసారి వచ్చినందుకు బండిని ఎత్తుకుపోయారు.

నేను ఆమె చంకల కింద చేతులు పెట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. నాలుగు కిలోలు ఎక్కువ ఉంది. నాలుగు మీద కాస్త మొగ్గే ఉంది. బుధవారం ఆలస్యంగా చేరామని సగం పూటకే మిషను దించేశారు, ఎండలకు నీళ్ళు కాస్త ఎక్కువే తాగింది. అంత ఎప్పుడూ లేదు. నా చేతికి స్పష్టంగా తెలిసింది.

దర్జీ ముందు కర్రలు పట్టి లేవబోయి కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు. నా భుజంలో ఏదో కలుక్కుమంది. గుమ్మం దాటి పది అడుగులు వేసి కుర్చీ దించాం. మళ్ళీ ఎత్తబోతుంటే ఆమె చెయ్యి పైకెత్తింది.

"ఏమయ్యా, ఇవాళ వద్దు."

"వద్దంటే?"

"సోమవారం పోదాం. నాకు బాగానే ఉంది. వాడి మొహం చూడు, పాపం. నీ మొహం ఇంకా ఘోరంగా ఉంది."

దర్జీ నావైపు చూశాడు. "ఒక్కపూటకి ఏమవుతుంది వదినా... అన్నా, నీ ఇష్టం."

నేను నాలుగు కిలోలని చెప్పలేదు.

"సరే," అన్నాను.

దర్జీ కర్రలు గోడకు ఆనించి గబగబా తనింట్లోకి పోయాడు. నేను కింది మలుపు దాకా పోయి మీసాల అతన్ని వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాను. తిరిగి ఎక్కుతుంటే ఒళ్ళు తేలికైంది. అది దాచను. ఇవాళ మొయ్యక్కర్లేదు అనుకున్నాను. అంత సుఖం ఆ వేసవి మొత్తంలో ఎప్పుడూ కలగలేదు.

ఇంట్లోకి రాగానే ఆమె నీళ్ళు అడిగింది. రోజుకు మూడు సగం గ్లాసులు కొలిచి ఇచ్చేవాణ్ణి.

"నిండుగా ఇవ్వయ్యా, ఒక్కసారి."

నిండుగా ఇచ్చాను. కళ్ళు మూసుకుని ఆపకుండా తాగింది. తాగి, ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శనివారం మా ఇంట్లో హాయిగా గడిచింది. చాలా రోజులకు ఇద్దరం గుమ్మంలో కూర్చుని దారేపోయేవాళ్ళ మీద చెప్పుకున్నాం. కాళ్ళు వాచాయి. చూశాను.

ఆదివారం పదకొండు గంటలకు ఆమెకు ఊపిరి అందలేదు. పడుకోబెడితే లేచి కూర్చునేది. నోటి దగ్గర నురుగు. అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఎనిమిది నిమిషాల్లో గుంజల దగ్గరికి వచ్చింది. అంతకుముందు అయితే ముప్పావుగంట. ఆదివారం వార్డు ఆఫీసు లేదు. గుమాస్తా ఫోన్ ఎత్తి తాళంచెవి ఆఫీసులో మేకుకు ఉందని, ఆఫీసు తాళం ఇంకొకరి దగ్గర ఉందని చెప్పాడు. అంబులెన్సు మనుషులిద్దరూ స్ట్రెచరు పట్టుకుని ఎత్తంతా పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ తప్పేం లేదు. నేను తప్పు పట్టనిది ఆ ఇద్దర్నే.

దిగేటప్పుడు నేను పక్కన నడుస్తూ ఆమె చెయ్యి పట్టుకున్నాను. తలుపులన్నీ తెరుచుకున్నాయి. రేడియో అతను కూడా వచ్చి స్ట్రెచరుకు చెయ్యి వేశాడు. మొదటి మలుపులో ఆమె నా వేళ్ళు నొక్కింది. రెండో మలుపు తిరిగాక ఆమె చెయ్యి బరువు మారింది. ఎక్కువైందనీ కాదు, తక్కువైందనీ కాదు. మోసేవాళ్ళు ఇంకా పరిగెత్తుతూనే ఉన్నారు. "పక్కకు, పక్కకు" అని అరుస్తున్నారు. నేను చెప్పలేదు. గుంజల దాకా పరిగెత్తనిచ్చాను.

ఆస్పత్రిలో కాయితం రాసిచ్చారు. సాయంత్రం నలుగురూ కలిసి ఇంటికి మోసుకొచ్చారు. మొయ్యడానికి మనుషులు తక్కువ కాలేదు.

మర్నాడు సోమవారం. పొద్దున ఆరున్నరకు కిందినుంచి ఇనుము కదిలిన చప్పుడైంది. వార్డు గుమాస్తా నిద్రకళ్ళతో వచ్చి, తాళంలో నూనె పోసి, మధ్య గుంజను రెండు చేతులా పట్టి ఒక్క లాగులో పైకి తీసి గోడకు ఆనించాడు. దర్జీ రాత్రే ఆయన ఇంటికి వెళ్ళి చెప్పొచ్చాడట. శవాల చిన్న బండి ఎత్తు మీదికి మెల్లగా వెనక్కి ఎక్కి మా గుమ్మం ముందు ఆగింది. గుమాస్తా టోపీ తీసి చేతిలో పట్టుకుని, "ఎంతసేపైనా పరవాలేదండీ, నేనిక్కడే ఉంటాను," అన్నాడు.

బావమరిది రావడానికి ఇంకా వేళ ఉంది, వాడు నేరుగా శ్మశానానికి వస్తానన్నాడు. ఆమెను నేనే ఎత్తి బండిలో పెట్టాను. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. దర్జీ దగ్గరికొచ్చి, "అన్నా, ఆ రోజు నేను ఓపిక చేసుకుని ఉంటే..." అని ఆగాడు. కాదనమని నా మొహంలోకి చూశాడు. నేను కాదనలేదు. బండి ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను.

పెద్ద వీధిలో సిగ్నలు దీపం దగ్గర కూడా ఆగలేదు. అటు ద్వారం ఎక్కడో ఉందనుకునేలోపే దాని నీడ మా మీద పడి పోయింది. వెనక అద్దంలో కోటగోడ చిన్నదైపోతోంది. డ్రైవరు కొత్తవాడు కాడు, ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నాడట. ఏదో ఒకటి మాట్లాడాలని మొదలుపెట్టాడు.

"ఏమనుకోకండి పెద్దాయనా. ఒకప్పుడు ఈ పాత ఊళ్ళోంచి మనిషిని తీసుకురావాలంటే మాకు నరకం. ఎండలో బండి ఆగిపోతే ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు చూడండి, ఇంటి గుమ్మంలోకే వచ్చాం. రోడ్లు బాగుచేశారు కదూ?"

నేను ముందుకు చూశాను. ఎక్కడా అడ్డం లేదు.

"బాగున్నాయి," అన్నాను.